సఫారీకి వెళ్తే ముందు గడ్డిని చూడండి



దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. "ఈ సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తే సరదాతో పాటు నాలుగు విషయాలు నేర్చుకుంటారు మేడం?" అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడుగుతుంటారు. కొందరు కెన్యా, టాంజానియా ప్యాకేజీల గురించి ఆలోచిస్తారు. కొందరికి ఆదివారం పూట శామీర్‌పేట జింకల పార్కు చాలు. ఇద్దరికీ పనికొచ్చే పాఠం ఒకటి ఈ నెల మీ ముందు పెడుతున్నాను.

పాఠం చిన్నదే. వన్యప్రాణుల పార్కును బతికించేది గడ్డి. ఆ గడ్డిని కాపాడేది పార్కు చుట్టూ ఉన్న మనుషులు. సింహం, చీతా, జింక ఆ తర్వాతే వస్తాయి. ఈ వరుస తెలిసిన పిల్లలు ఏ పార్కుకు వెళ్లినా మిగతావాళ్లకంటే రెట్టింపు చూసి వస్తారు.

ఈ నెల మాట: సఫారీ

సఫారీ అనేది తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలోని మాట. అర్థం ప్రయాణం. అది అరబ్బీలోని 'సఫర్' నుంచి వచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగిన మనకు 'సఫర్' కొత్త మాటేమీ కాదు. రైలెక్కినా, బస్సెక్కినా ఇక్కడ ఉర్దూలో అది సఫరే. నైరోబీలో జీపు ఎక్కేవాళ్లు, మేడ్చల్‌లో బస్సు ఎక్కేవాళ్లు ఒకే మాట వాడుతున్నారని మీ పిల్లలకు చెప్పి చూడండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

రెండో మాట సవన్నా. గడ్డి ఎక్కువగా, చెట్లు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండే నేలను సవన్నా అంటారు. ఏడాదిలో కొన్ని నెలలే వానలు పడి, మిగతా కాలమంతా పొడిగా ఉండే చోట్ల ఇలాంటి నేల కనిపిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఆ తర్వాత ఎనిమిది నెలలు ఎండ. ఇది ఎక్కడో విన్నట్టు ఉంది కదా? మన దక్కన్ పీఠభూమి వాతావరణమే అది.

గడ్డి ఎందుకు అంత ముఖ్యం?

చెట్టు కొమ్మ చివర పెరుగుతుంది. చివర తుంచేస్తే ఆ కొమ్మ ఎదుగుదల ఆగిపోతుంది. గడ్డి అలా కాదు, మొదట్లో పెరుగుతుంది. మన గోరు కూడా అంతే. చివర ఎంత కత్తిరించినా మొదలు నుంచి మళ్లీ వస్తుంది. అందుకే జింకలు, బర్రెలు, గొర్రెలు రోజూ మేసినా గడ్డి చావదు. మేత పరిమితిలో ఉంటే ఇంకా చిక్కగా వస్తుంది.

ఎండాకాలంలో పైన ఉన్న గడ్డి ఎండిపోయినా కింద వేర్లు బతికే ఉంటాయి. మొదటి వాన పడగానే చిగురు వేస్తాయి. వాననీటిని నేలలోకి ఇంకించేది, మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఆ వేర్లే. గడ్డిని తినే జంతువులు, వాటిని తినే జంతువులు, వాటి పేడను తినే పురుగులు, ఆ పురుగులను ఏరుకునే పిట్టలు, ఇలా మొత్తం సంసారం ఆ వేర్ల మీదే నడుస్తుంది.

మేసేవి పూర్తిగా లేకుండా పోతే ఏమవుతుంది? గడ్డికి మంచిదేగా అనిపిస్తుంది. కానీ జరిగేది వేరు. అది ఆఫ్రికాలోని ఒక పార్కు చూపించింది.

గొరొంగోసా: పోయి, తిరిగి వచ్చిన పార్కు

మొజాంబిక్ దేశంలో గొరొంగోసా అనే జాతీయ పార్కు ఉంది. 1960లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఏనుగులు, సింహాలు, అడవి దున్నలు, జీబ్రాలతో ఒకప్పుడు ఆఫ్రికాలో పేరున్న పార్కుల్లో అదొకటి. 1977 నుంచి 1992 దాకా ఆ దేశంలో అంతర్యుద్ధం నడిచింది. మాంసం కోసం, ఆయుధాలు కొనడానికి కావలసిన ఏనుగు దంతాల కోసం జంతువులను వేటాడారు. యుద్ధం ముగిశాక కూడా వేట ఆగలేదు. చివరికి పెద్ద జంతువుల్లో నూటికి తొంభైకి పైగా లేకుండా పోయాయి.

మేసే జంతువులు పోయాక అక్కడి పచ్చిక బయళ్లలోకి మైమోసా పిగ్రా అనే ముళ్ల పొద చొరబడింది. మన పిల్లలు ముట్టుకుని ఆకులు ముడుచుకుంటుంటే నవ్వుకునే అత్తిపత్తికి ఇది పెద్ద చుట్టం. దాన్ని కొరికే నోళ్లు లేకపోవడంతో ఇష్టం వచ్చినట్టు పెరిగింది. అంటే జంతువులు పోవడంతో పాటు నేల తీరే మారిపోయింది.

2004లో అమెరికాకు చెందిన గ్రెగ్ కార్ అనే దాత సంస్థ, మొజాంబిక్ ప్రభుత్వం కలిసి పార్కును తిరిగి నిలబెట్టే పని మొదలుపెట్టాయి. 2008లో 20 ఏళ్ల ఒప్పందం చేసుకున్నాయి. అడవి దున్నలను, విల్డబీస్ట్‌లను, మరికొన్ని మేసే జంతువులను బయటి నుంచి తెచ్చి, కంచె వేసిన ప్రాంతంలో ఉంచి, అలవాటు పడ్డాక వదిలారు. వేటాడే అడవి కుక్కలను తెచ్చింది 2018లో. వరుస గమనించారా? ముందు మేసేవి, ఎన్నో ఏళ్ల తర్వాత వేటాడేవి. మేసే జంతువులు పెరిగాక ముళ్ల పొద తగ్గడం మొదలైందని శాస్త్రవేత్తలు అక్కడ కొలిచి చూపించారు.

ఇది సినిమాలో లాగా అంతా పాత స్థితికి వచ్చిన కథ మాత్రం కాదు. వాటర్‌బక్ అనే ఒక్క జాతే యాభై వేలు దాటింది, కొన్ని జాతులు ఇంకా తక్కువగానే ఉన్నాయి. ఏనుగుల సంగతి మరీ ఆలోచింపజేస్తుంది. దంతాలున్న వాటినే వేటగాళ్లు చంపడంతో, పుట్టుకతోనే దంతాలు లేని ఆడ ఏనుగులు ఎక్కువగా బతికాయి. 2021లో అచ్చయిన పరిశోధన ప్రకారం, యుద్ధానికి ముందు ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి సుమారు 18 శాతం. తర్వాత అవి సగం దాకా చేరాయి. తుపాకులు ఆగి ముప్పై ఏళ్లయినా ఆ గాయం ఏనుగుల ఒంట్లో, వారసత్వంలో మిగిలే ఉంది. పై తరగతుల పిల్లలకు జన్యుశాస్త్రం పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గొరొంగోసాలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం పార్కు సరిహద్దు బయట ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆరోగ్య సేవలు, ఆడపిల్లల చదువు మానిపించకుండా క్లబ్బులు పెట్టారు. పక్కనున్న కొండ మీద అడవి నరికి పంటలు వేసుకునే రైతులతో, నీడనిచ్చే స్థానిక చెట్ల కింద కాఫీ సాగు చేయిస్తున్నారు. ఊరికి బతుకుతెరువు దొరికితేనే పార్కుకు కాపలా దొరుకుతుందని వాళ్లు మొదట్లోనే గుర్తించారు.

మన సవన్నాకు మన పేరు: కంచ

ఇప్పుడు మన ఊరికి వద్దాం. తెలంగాణ పల్లెల్లో 'కంచ' అనే మాట ఉంది. పశువులు మేయడానికి వదిలిపెట్టిన గడ్డి భూమిని కంచ అంటారు. 2025 ఏప్రిల్‌లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపిన కంచ గచ్చిబౌలి గురించి మీరంతా వార్తల్లో చూసే ఉంటారు. ఆ పేరులో ముందున్న మాట అదే. ఊరి పెద్దలను అడిగితే మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ కూడా ఎక్కడ కంచలుండేవో, ఏ బీట్లో గొర్రెల మందలు మేసేవో వేలు పెట్టి చూపిస్తారు.

ఇంకో విషయం గమనించండి. 2014లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన రాష్ట్ర చిహ్నాలు నాలుగు: పాలపిట్ట, జమ్మి చెట్టు, తంగేడు పువ్వు, మచ్చల జింక. పాలపిట్ట కరెంటు తీగ మీదో, మోడు మీదో కూర్చుని కింద నేల మీద కదిలే పురుగును పట్టుకునే పిట్ట. నేల కనిపించనంత దట్టమైన అడవిలో దానికి పని లేదు. జమ్మి పొడి నేలల చెట్టు. తంగేడు బీళ్లలో, రాళ్ల నేలల్లో పూసే పొద. మచ్చల జింక అడవి అంచున ఉండే పచ్చికను వెతుక్కుంటూ వస్తుంది. నాలుగూ మనకు చెప్పేది ఒక్కటే. ఇది ఎండ పడే నేల, గడ్డి నేల.

బతుకమ్మకు తెచ్చే గునుగు పువ్వు ఎక్కడిది? నర్సరీలో పెంచినది కాదు, బీళ్లలో, చేల గట్ల మీద దానంతట అది మొలిచింది. ఒకప్పుడు పిల్లలు పొద్దున్నే వెళ్లి కోసుకొచ్చేవాళ్లు. ఇప్పుడు మనలో చాలామందిమి మార్కెట్లో కట్టలు కొంటున్నాం. ఆ రెండింటి మధ్య మాయమైన నేల పేరే కంచ.

మరి ఆ నేలను మనం ఏమని పిలుస్తున్నాం? ఖాళీ జాగా అంటాం, పనికిరాని భూమి అంటాం. దేశంలోని బంజరు భూముల అట్లాస్‌ను ఉపగ్రహ చిత్రాలతో తయారు చేసే సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ మన బాలానగర్‌లోనే ఉంది. ఆ అట్లాస్‌లో పొదలున్న భూమి కూడా బంజరు లెక్కలోకే వస్తుంది. సాగు దృష్టితో చూస్తే ఆ లెక్కకు అర్థం ఉంది. కానీ పూరేడు పిట్ట దృష్టితో, తీతువు దృష్టితో, కృష్ణజింక దృష్టితో చూస్తే అది ఇల్లు. మన అపార్ట్‌మెంట్లు, మన స్కూలు కట్టింది కూడా ఇలాంటి నేలల మీదే. ఆ మాట పిల్లలకు నిజాయితీగా చెప్పడంలో తప్పు లేదు.

దగ్గర్లో ఒక సఫారీ: హరిణ వనస్థలి

శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, కీసర, ఘట్‌కేసర్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే, విజయవాడ హైవే మీద వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి జాతీయ పార్కు వస్తుంది. నిజాముల కాలంలో అది వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి ఆయన పేరు పెట్టి, కృష్ణజింకల రక్షణ కోసం కేటాయించారు. తుపాకీ పేలిన చోటే అహింసను బోధించిన గురువు పేరు పెట్టడం పిల్లలతో తీరిగ్గా మాట్లాడదగిన విషయం. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. చుట్టూ కాలనీలే.

జింకలను చూస్తున్నప్పుడు ఒక తేడా చెప్పండి. మచ్చల జింకకు కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి, ఊడిపోయి మళ్లీ వస్తాయి. ఇంగ్లిష్‌లో దాన్ని డీర్ అంటారు. కృష్ణజింక కొమ్ములు మెలికలు తిరిగి ఉంటాయి, జీవితాంతం ఊడవు. అది యాంటిలోప్. మగది ఎదిగేకొద్దీ నల్లబడుతుంది, ఆడది లేత గోధుమ రంగులో ఉంటుంది. గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. అంత వేగం ఎందుకో పిల్లల్నే ఆలోచించమనండి. దాక్కోవడానికి చెట్లు లేని చోట, దూరం నుంచే ప్రమాదాన్ని చూసి పరిగెత్తడమే దానికున్న రక్షణ. కాబట్టి దానికి ఖాళీ కావాలి. మనం ప్రేమతో ఆ ఖాళీ నిండా చెట్లు నాటితే దాని కళ్లకు గంతలు కట్టినట్టే.

అందుకే జులైలో మన పిల్లలు మొక్కలు నాటడం ఎంత మంచి అలవాటో, "ఇక్కడ నాటొచ్చా?" అని అడగడం కూడా అంతే మంచి అలవాటు. రోడ్డు పక్కన, స్కూలు ఆవరణలో, ఇంటి ముందు తప్పకుండా నాటాలి. గడ్డి మైదానాన్ని మాత్రం గడ్డి మైదానంగానే ఉండనివ్వాలి.

రోళ్లపాడు చెప్పే హెచ్చరిక

కంచె వేసి, బోర్డు పెడితే సరిపోతుందా? నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు దీనికి జవాబు చెప్తుంది. బట్టమేక పిట్ట అనే పెద్ద పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. మీటరు ఎత్తుండే ఈ పిట్ట గడ్డి మైదానంలో నేల మీదే గుడ్డు పెడుతుంది. అది అభయారణ్యం లోపలే ఉండిపోదు. జొన్న, పప్పు ధాన్యాలు వేసిన మెట్ట చేలల్లో కూడా తిరుగుతుంది. కాలక్రమంలో చుట్టుపక్కల సాగు తీరు మారింది, నీటి వసతి పెరిగింది, పంటలు మారాయి. లోపల గడ్డి ఉంది, పక్కన పిట్టకు చోటు లేదు. ఏళ్ల తరబడి అక్కడ బట్టమేక కనిపించడం దాదాపు ఆగిపోయింది.

ఇక మన రాష్ట్రంలో నారాయణపేట జిల్లా రైతులను అడిగితే ఇంకో వైపు కథ చెప్తారు. అక్కడ కృష్ణజింకల మందలు చేలల్లో పడి మొలకలు మేసేస్తాయి. మనం వ్యాన్‌లోంచి "ఎంత ముద్దుగా ఉందో" అనే జంతువు వల్ల ఆ రైతు రెండోసారి విత్తనాలు కొనాల్సి వస్తుంది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి వచ్చిన ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలినప్పుడు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. వాటికి అక్కడ చోటు ఉందంటే, ఎన్నో ఏళ్ల ముందు గిర్ సింహాల కోసమని 24 ఊళ్ల జనం ఆ అడవిని వదిలి వెళ్లారు కాబట్టి. పార్కు చూసి వచ్చిన పిల్లలు అడగాల్సిన పెద్ద ప్రశ్న ఇది: ఈ పార్కు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? టికెట్ కొన్న మనం మాత్రమే కాదని వాళ్లకు తెలియాలి.

సెలవుల్లో ఇలా చేయండి

వెళ్లే ముందు:
• పిల్లలతో కలిసి మూడు రకాల చోట్ల తేడా మాట్లాడండి. జూలో మనిషి మేత పెడతాడు. జింకల పార్కులో కంచె లోపల సంరక్షణ ఉంటుంది. జాతీయ పార్కులో నేలే మేత పెట్టాలి.
• పార్కు సమయాలు, వాహనం సౌకర్యం అటవీ శాఖ వారిని అడిగి తెలుసుకోండి. పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే జంతువులు నీడకు చేరతాయి.
• మెరిసే రంగుల బట్టలు వద్దు. ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్, నీళ్ల సీసా చాలు.

అక్కడ ఉన్నప్పుడు:
• మొదటి పది నిమిషాలు జంతువులను వెతకొద్దు. గడ్డి ఎత్తు చూడమనండి: మడమ దాకా ఉందా, మోకాలి దాకా ఉందా? మేసినట్టు ఉందా?
• కనుచూపు మేరలో చెట్లెన్ని, పొదలెన్ని లెక్క పెట్టమనండి.
• మంద కనిపిస్తే నల్లవెన్ని, గోధుమ రంగువెన్ని, తల ఎత్తి చూస్తున్నవెన్ని రాయమనండి. అన్నీ ఒకేసారి తల దించి మేయవు. ఎందుకో వాళ్లే చెప్తారు.
• బిస్కెట్లు, చిప్స్ వేయొద్దు. పిలవొద్దు, చప్పట్లు కొట్టొద్దు. వాహనం దిగొద్దు. ప్లాస్టిక్ ఏది తీసుకెళ్లినా తిరిగి ఇంటికి తెచ్చేయండి.

ఇంటికి వచ్చాక:
• మీ కాలనీ పక్కన గడ్డి ఉన్న ఖాళీ స్థలానికి పిల్లలతో పగటి పూట వెళ్లండి. బూట్లు వేసుకోవాలి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, ఎక్కడా చేతులు పెట్టకూడదు. ఐదడుగుల చదరం గీసి, అందులో ఎన్ని రకాల గడ్డి, ఎన్ని పువ్వులు, ఎన్ని పురుగులు ఉన్నాయో లెక్క పెట్టండి. మీ స్కూలు లాన్‌లో అదే పని చేసి పోల్చండి.
• అమ్మమ్మనో తాతయ్యనో అడగమనండి: "మీ చిన్నప్పుడు పశువులు ఎక్కడ మేసేవి? ఇప్పుడు అక్కడ ఏముంది?" జవాబు పది వాక్యాల్లో ఇంగ్లిష్‌లో గానీ తెలుగులో గానీ రాయాలి. సెలవుల తర్వాత క్లాసులో చదివిస్తాను. దీనికి మార్కులు ఉండవు.

కెన్యా వెళ్లే వీలున్నవాళ్లు తప్పకుండా వెళ్లండి. సెరెంగెటి, మసాయి మారా మధ్య పది లక్షలకు పైగా విల్డబీస్ట్‌లు తిరుగుతూ ఉంటాయి. అవి ఎందుకు తిరుగుతాయో తెలుసా? వాన ఎక్కడ పడితే అక్కడ గడ్డి మొలుస్తుంది కనుక. ప్రపంచంలోని అతి పెద్ద సఫారీ కూడా గడ్డి వెంట నడిచే ప్రయాణమే. ఆ సంగతి శామీర్‌పేట చెరువు గట్టున నేర్చుకున్న పిల్లలకు మసాయి మారా ఇంకా బాగా అర్థమవుతుంది.

దసరా రోజు పాలపిట్టను చూస్తే శుభమని మన పెద్దలు చెప్తారు. ఈసారి అది కనిపిస్తే, ఎక్కడ కూర్చుందో, దాని కింద నేల ఎలా ఉందో కూడా పిల్లలకు చూపించండి. కనిపించకపోతే ఎందుకు కనిపించలేదో కలిసి మాట్లాడుకోండి.

మీకు, మీ కుటుంబానికి బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.